వాగుకు ఇటు చదరం, అటు గుండ్రం

నాగసె, మినో కొండలు
షోవా 58 (1983), అక్టోబరు 18

ప్రియమైన మిసావోకు,

ఇక్కడ ఖర్జూరపు రంగు ఆకులు రాలడం మొదలైంది. నువ్వు అడిగిన కాగితం ఇరవై మూడు ఇళ్ళూ తిరిగి నిన్న సాయంత్రం నా చేతికొచ్చింది. ఈ కవరులోనే పెడుతున్నాను.

మీ ప్రొఫెసరు గారి దేశపటంలో ఒక గీత ఉందనీ, కొత్త సంవత్సరం చారులో వేసే దంచిన అన్నపు ముద్దను, మోచీని, దానికి తూర్పున చదరంగా, పడమర గుండ్రంగా చేస్తారనీ రాశావు. ఆ గీత మా కొండల మీదుగా పోతోందనీ, పటంలో అది వేలెడు లావుందనీ, ఆ వేలి కింద మా ఊరితో పాటు ఇంకో నలభై ఊళ్ళు దాక్కున్నాయనీ చెప్పావు. వేలు ఎత్తి చూడాలని నీ కోరిక. సరే, చూశాను.

మా తిరుగుడు పలక నీకు తెలుసుగా. కాలువ పూడిక తీసే రోజు, చెత్త ఎత్తే రోజు, ఎవరింట్లో చావైనా పెళ్ళైనా, అన్నీ దాని మీదే వస్తాయి. చదివిన ఇల్లు ముద్ర వేసి పక్కింటికి అందించాలి. నీ ప్రశ్నను ఆ పలకకే తగిలించాను: "మీ ఇంట్లో కొత్త సంవత్సరం చారులో మోచీ గుండ్రమా, చదరమా? చారు తేటదా, సోయా ముద్ద మిసో కలిపినదా?" అయిదు రోజుల్లో తిరిగొచ్చింది. ఒక్క ముద్ర కూడా తప్పలేదు.

ఫలితం ఇదీ. ఒకటి నుంచి పద్నాలుగు దాకా, అంటే వాగుకు తూర్పున ఉన్న ఇళ్ళన్నీ చదరం, తేట చారు. పదిహేను నుంచి ఇరవై మూడు దాకా, వంతెనకు అవతలి ఇళ్ళన్నీ గుండ్రం, మిసో చారు. మా ఇల్లు పద్నాలుగోది కాబట్టి చదరం.

ఒక్క మాట. పలక పంపే ముందు అందరికీ మాటిచ్చాను, ఏ ఇల్లు ఏం వండుతుందో బయట ఎవరికీ తెలియదని. వంతెన అవతలి షిజుయే వదిన, "మా చారు సంగతి టోక్యో వాళ్ళకెందుకే తోకియే? ఉప్పు ఎక్కువైందని పేపర్లో వేస్తారా ఏంటి?" అని నవ్వింది. నవ్వినా ముద్ర వేసింది నా మీద నమ్మకంతోనే. అది గుర్తుంచుకో.

చలి వస్తోంది, మెడకు ఏదైనా చుట్టుకుని తిరుగు.

తోకియే

*

టోక్యో
నవంబరు 2

తోకియే,

నీకు దండం పెట్టాలి! ప్రొఫెసరు గారు నీ కాగితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన అలా చేయడం పదమూడేళ్ళలో ఇది రెండోసారి. "దేశమంతా మూడు వేల ఇళ్ళను అడిగి గీస్తే వేలెడు లావున్న గీత, ఇరవై మూడు ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి వాగంత సన్నమైంది" అన్నారు. ఎంత దగ్గరికి వెళితే గీత అంత స్పష్టంగా ఉందంటే మా పటం నిజమన్నట్టే కదా.

నా ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేదని నీకు తెలుసు. మార్చితో గడువు తీరిపోతుంది. ఈసారి ఒక కుర్రాడు కూడా వరసలో ఉన్నాడు, కంప్యూటరు వాడగలడు. మీ ఊరి వ్యాసం జనవరి ఇరవైలోగా అచ్చుకు ఇస్తే నా బల్ల నాకే ఉంటుందని ప్రొఫెసరు గారు మాటిచ్చారు. అందుకోసం ఇంటింటి పట్టిక కావాలి: ఎందరున్నారు, పెద్దల వయసెంత, కోడలు ఎక్కడి నుంచి వచ్చింది. పేర్లు వద్దు, నంబర్లు చాలు.

మీ పురపాలక కార్యాలయానికి కూడా ఈ సంగతి చేరింది. వంతెన దగ్గర చెక్క బోర్డు పెడతారట, "ఇటు చదరం, అటు గుండ్రం" అని. చూశావా, మీ వాగు పేరు మారుమోగబోతోంది.

ఇంకొకటి, ఊరికే అడుగుతున్నాను. సానుకిలో మనం బడికెళ్ళే రోజుల్లో మీ అమ్మ పెట్టిన చారు నాకింకా గుర్తుంది: తెల్ల మిసో, గుండ్రపు మోచీ, దాని కడుపులో ఎర్ర చిక్కుళ్ళ పూర్ణం. కొరికితే తీపి చారులోకి కారేది. నేను నాలుగు తిన్నాను, మీ తమ్ముడు ఏడ్చాడు. అది నువ్వు ఏ ఏట మానేశావు? తేదీతో సహా చెప్పగలవని నా నమ్మకం.

మిసావో

*

నాగసె
నవంబరు 20

మిసావోకు,

నీ ఉత్తరం అందింది. అడిగిన వరసలోనే జవాబు రాస్తున్నాను.

మా కుమాజాకి వారి ఇల్లు: చదరం, తేట చారు. అలాగే రాసుకో. నాకు పెళ్ళై ఇరవై ఏడేళ్ళయింది. పుట్టింట్లో ఏం తిన్నానన్నది ఈ పనికి అక్కర్లేదు.

పట్టిక పంపను. "పదిహేనో ఇల్లు, కోడలు ఎచిగో నుంచి, అత్తమామలు లేరు" అని రాస్తే టోక్యోలో అదొక గడి. ఇక్కడ అది షిజుయే వదిన. ఇరవై మూడు ఇళ్ళ ఊళ్ళో నంబరుకు ముసుగు ఉండదు. ఆ వ్యాసం పురపాలక కార్యాలయానికి వస్తుంది, అక్కడి నుంచి తిరుగుడు పలక ఎక్కుతుంది. నీ గడువు నాకు తెలుసు, నీ బల్ల పోకూడదని నాకూ ఉంది. కానీ మాటిచ్చింది నేను.

బోర్డు విషయంలో మా ఊరి పెద్ద నిమురా గారు ఆగేలా లేరు. ఆదివారం మా ఇంటికొచ్చి, "ఇన్నాళ్ళకు మన ఊరికంటూ ఒక విశేషం దొరికిందమ్మా" అని టీ తాగి వెళ్ళారు. బోర్డు ఇంకా రాలేదు, స్తంభం మాత్రం అప్పుడే పాతించారు. కింద నిప్పులుండే కుంపటి బల్ల దగ్గర కూర్చున్న మా అత్తయ్య వింటూనే ఉన్నారు. "ఏ పక్క నిలబడాలో ముందే చెప్పండి నాయనా, నా మోకాళ్ళు ఊరికే వాగు దాటలేవు" అన్నారు. నిమురా గారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ముల్లంగులు కడిగే పని మొదలవుతుంది. ఇక ఉంటాను.

తోకియే

*

టోక్యో
డిసెంబరు 8

తోకియే,

నీకు కోపం వచ్చింది. నీ ఉత్తరంలో ఎప్పుడూ ఉండే వాతావరణం ఊసు లేదు, అప్పుడే తెలిసింది. తప్పు నాదే, పట్టిక వదిలేశాను.

కానీ వారం రోజులుగా ఒక సంగతి నన్ను నిద్ర పోనివ్వడం లేదు. కోపం వచ్చినా చదువు.

దూరం నుంచి చూస్తే ఎవరి ముఖమూ కనపడదు, ఎవరికీ నష్టం లేదు. కాకపోతే అక్కడి నుంచి కనపడేది రంగులే. దగ్గరికి వెళితే అన్నీ కనపడతాయి, ముఖాలతో సహా. ఇన్నేళ్ళూ ఈ రెండింటి మధ్య సరైన దూరం ఎంతా అని వెతుకుతున్నాను. పట్టిక లేకుండా వ్యాసం రాయొచ్చేమోనని నీ కాగితాన్ని మళ్ళీ తీశాను. ఈసారి అంకెలు కాదు, చేతిరాతలు చూశాను.

ఒకటో ఇల్లు, అంటే మీ నిమురా గారు, కుంచెతో అందంగా రాశారు: "చదరం. తేట చారు." రెండో ఇల్లు: "అదే." మూడు: "అదే." మీ ఇంటి దాకా పదమూడు "అదే"లు. వంతెన దాటాక పదిహేనో ఇల్లు: "గుండ్రం. మిసో." ఆ తర్వాత ఎనిమిది "పైలాగే"లు.

తోకియే, నువ్వు ప్రశ్నను తిరుగుడు పలక మీద పంపావు! పక్కింటి ముద్ర ఆరకముందే తన ముద్ర వేసేటప్పుడు ఏ ఇల్లాలైనా ఇంకేం రాస్తుంది? అది సర్వే కాదు, హాజరు. నువ్వు చేసిందని కాదు, నాకు అక్టోబరులోనే ఈ అనుమానం రావాలి. రాలేదు. గీత అంత అందంగా ఉంది మరి.

ఇంకా పెద్ద తప్పు ప్రశ్నలోనే ఉంది. "మీ ఇంట్లో" అని అడిగాం. ఇల్లు జవాబు చెప్పింది. ఇల్లు చారు తాగదు, మనుషులు తాగుతారు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట చెప్తాను. మా అక్క సానుకిలో మిసో దుకాణం నడుపుతోందని నీకు తెలుసు, నీ సరుకు అక్కడి నుంచే వస్తుంది కాబట్టి. ప్రతి డిసెంబరూ అరకిలో తెల్ల మిసో. ఇంటికి కాదట, మీ పోస్టాఫీసుకు పంపాలట, నువ్వే వెళ్ళి తెచ్చుకుంటావట. అక్క అమాయకంగా చెప్పింది. నేను అమాయకంగా వినలేదు. అందుకే నవంబరులో ఆ ప్రశ్న అడిగాను. "ఊరికే" అని రాసింది అబద్ధం.

ఇది ఎక్కడా రాయను. నీకు ఇష్టమైతే మాత్రం ఇంకోసారి అడుగు. పలక మీద కాదు, ఒక్కొక్కరినీ. "మీ ఇల్లు" అనకుండా "నువ్వు" అని. ఇష్టం లేకపోతే వాగు గీతనే అచ్చుకు ఇస్తాను, నా బల్ల నాకుంటుంది, మనం ఎప్పట్లాగే స్నేహితులం. ఆ వ్యాసం తప్పని మనిద్దరికీ తెలుసు, అంతే తేడా.

మిసావో

*

నాగసె
షోవా 59 (1984), జనవరి 4

ప్రియమైన మిసావోకు,

మూడు రోజులుగా మంచు పడుతూనే ఉంది. ఇంటి ముందు దారి రెండుసార్లు తవ్వాం. నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు డ్రాయరులో పెట్టాను. అయిదో రోజు తీసి మళ్ళీ చదివాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా ఊళ్ళో వేరే రకం చారు తినే ప్రాంతాల నుంచి వచ్చిన కోడళ్ళు నేను కాక తొమ్మండుగురు. ముల్లంగులు కడిగేటప్పుడు వాగు దగ్గర ఒక్కొక్కరే దొరుకుతారు, అక్కడే అడిగాను. "నువ్వు ఏం తింటావు?" అంటే ప్రతి ఒక్కరూ ముందు ఒకే మాట అన్నారు: "నేనా? నా సంగతెందుకు?"

షిజుయే వదిన చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "మా ఎచిగోలో చదరమేనే, చేప ముక్కలూ చేప గుడ్లూ వేసి. ఇక్కడికొచ్చాక గుండ్రం మింగుడు పడలేదు. అందుకని నా గిన్నెలోదాన్ని కత్తితో నాలుగు పక్కలా కోసేస్తాను. కోసిన ముక్కలు మా ఆయన గిన్నెలో వేస్తాను, ఎక్కువ పెట్టాననుకుంటాడు." చెప్పి ముల్లంగి నీళ్ళలో పడేసి మరీ నవ్వింది. మిసావో, వాగుకు అవతల "గుండ్రం" అని మొదట రాసింది ఈవిడే. మిగతా ఎనిమిది ఇళ్ళూ ఆవిడ కింద "పైలాగే" అన్నాయి.

ఎనిమిదో ఇంటి చిన్న కోడలు ఫుసాకో, "దాపరికమేముంది పిన్నీ, నాకు నాదే, అత్తగారికి ఆవిడదే. మా ఆయనకు చారే పడదు, రొట్టె కాల్చి పెడతాను" అంది. నలుగురు నిజంగానే మానేశారు, గుర్తు కూడా లేదన్నారు. ఇద్దరు రెండో తారీఖున, మగవాళ్ళు శుభాకాంక్షలు చెప్పడానికి ఊరెళ్ళినప్పుడు వండుకుంటారు. ఒకావిడ జవాబు చెప్పకుండా ముల్లంగి కడుగుతూనే ఉంది. నేను రెండోసారి అడగలేదు.

ఇక నా సంగతి. జనవరి ఒకటిన ఇంట్లో అందరూ గుడికి వెళతారు, పొయ్యి చూసుకోవాలని నేను ఆగిపోతాను. చిన్న గిన్నెలో తెల్ల మిసో కలిపి, పూర్ణం పెట్టిన మోచీ ఒక్కటి వేసి, తొట్టి దగ్గర నిలబడి తినేస్తాను. గిన్నె కడిగి మేకుకు తగిలిస్తాను. మొత్తం పదిహేను నిమిషాలు. ఇరవై ఏడేళ్ళు. మొదటి ఏడాదే మా అత్తయ్య, "ఈ ఇంటి చారు ఇదీ" అని గరిటె నా చేతికిచ్చారు. ఆ గరిటె పట్టుకుని ఇంకో చారు సంగతి ఎలా ఎత్తను? ఆవిడకు తెలిస్తే ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో పరాయిదానిలా ఉన్నాననుకుంటారని నా భయం. పోస్టాఫీసు అందుకే.

మోకాళ్ళ వల్ల అత్తయ్య ఈ ఆరేళ్ళుగా గుడికి వెళ్ళడం లేదు. పక్క గదిలో కుంపటి బల్ల దగ్గరే ఉంటారు. ఈ ఏడు అందరూ వెళ్ళాక చిన్న గిన్నె తీశాను. మోచీలు రెండు వేశాను. రెండు చిప్పల్లో పోసి, పళ్ళెంలో పెట్టుకుని ఆ గది తలుపు తీశాను. పళ్ళెంలోకి కొంచెం ఒలికింది.

అత్తయ్య చిప్పలోకి చూశారు. నా ముఖం చూడలేదు.

"ఇన్నేళ్ళకు వచ్చిందా ఈ గిన్నె ఇవతలికి," అన్నారు.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"ఆ చిన్న గిన్నె ఏడాదంతా పొడిగా ఉండి, ఒకటో తారీఖున మాత్రం తడిగా ఉంటుంది. నీ పెళ్ళైన మరుసటి ఏటి నుంచీ చూస్తున్నా. పైగా ఆ వాసన! నాకు మోకాళ్ళు పోయాయి గానీ ముక్కు పోలేదమ్మాయ్."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తావని."

కొరికారు. తీపి తగలగానే ముఖం చిట్లించారు. "ఇదేంటే, చారులో పూర్ణమా? ఇది చారా, మిఠాయా? మీ ఊళ్ళో పళ్ళుంటాయా ఎవరికైనా?" అంటూనే చిప్ప ఖాళీ చేశారు. తర్వాత కిటికీలో మంచు వైపు తిరిగారు.

"ఆ కాగితం మన ఇంటికి వచ్చినప్పుడు నువ్వేం రాశావు?"

"అదే, అని రాశానండీ."

"నన్నెవరూ అడగలేదు."

ఖాళీ చిప్ప పక్కకు జరిపారు. "గుండ్రమా చదరమా అన్నారు. మోచీయే లేనివాళ్ళు ఎక్కడ ముద్ర వేయాలి?"

ఆవిడ పుట్టింది కనుమకు అవతల సుగెదాని అనే లోయలో. అక్కడ మడి చేలు లేవు, వరి పండదు. కొత్త సంవత్సరానికి మోచీ ఉండదు. చారులో చామదుంప వేస్తారు, తల్లిదుంప, పెద్దది, ఇంటి యజమానికి ముందు. పంతొమ్మిదో ఏట ఈ ఇంటికి వచ్చినప్పుడు, ఊళ్ళో ఎవరో "దుంపలు తినే ఊరి పిల్ల" అన్నారట. ఆ రోజు నుంచి అరవై ఒక్క ఏళ్ళు, చదరపు మోచీ పుట్టుకతో తిన్నదానిలా తిన్నారు. నాకు గరిటె ఇచ్చి "ఈ ఇంటి చారు ఇదీ" అన్నది, తనకూ అలాగే ఎవరో అన్న మాటే. "నీలాగా చాటుగా వండుకునే ధైర్యం కూడా నాకు లేకపోయింది" అన్నారు.

కొట్టులో ఇసుకలో పూడ్చిన చామదుంపలు ఉన్నాయి. తెచ్చాను. ఎలా అని అడిగితే, మిసో కాదు, ఉప్పే అన్నారు. ఒక ఆకు వేసేవాళ్ళట, ఆ ఆకు పేరు గుర్తు రాలేదు. మూడుసార్లు ఉడికించాను. మూడుసార్లూ రుచి చూసి "ఇది కాదు" అన్నారు. మగవాళ్ళు గుడి నుంచి వచ్చేసరికి వంటింట్లో నాలుగు రకాల చార్లు ఉన్నాయి. మా ఆయన గుమ్మంలో బూట్లతోనే నిలబడిపోయి, "ఈ ఇంట్లో ఎవరైనా హోటలు పెట్టారా?" అన్నారు.

నీకు ఏం పనికొస్తుందో నువ్వే చూసుకో. ఎవరి మాట రాయొచ్చో వాళ్ళనే అడగాలి. వాగు గీతను మాత్రం అచ్చుకు ఇవ్వకు. నీ బల్ల సంగతి తెలిసే ఈ మాట రాస్తున్నాను. అందుకు క్షమించు.

తోకియే

*

టోక్యో
జనవరి 24

తోకియే,

ఇరవయ్యో తారీఖు వెళ్ళిపోయింది. నేనేమీ ఇవ్వలేదు.

ఇవ్వకముందు ప్రొఫెసరు గారి గదిలో గంటసేపు కూర్చున్నాను. ఆయన చెడ్డవారు కాదు. "ఒక ముసలామె చామదుంప మూడు వేల ఇళ్ళను కొట్టేస్తుందా?" అన్నారు. కొట్టేయదు, నిజమే. దూరం నుంచి చూస్తే గీత ఉంది, అది అబద్ధం కాదు, ఏ ఒక్క వంటింట్లో నిలబడినా అది కనపడదు. కానీ గీత మీద కూర్చుని ఎవరూ భోంచేయరు కదా. "గుండ్రం అని రాసి, దాన్ని కత్తితో చదరంగా కోసుకునే ఆవిడది ఏ రంగు, చెప్పండి" అన్నాను, పేరు చెప్పకుండా. ఆయన కళ్ళజోడు తీశారు గానీ తుడవలేదు.

తర్వాత పెద్ద పటం పరిచి సుగెదాని వెతికాను. ఆ లోయకు చదరం రంగు ఉంది. ఎవరు చెప్పారా అని పాత కార్డులు తీస్తే, అసలు కార్డే లేదు. ఇళ్ళు ఖాళీ అయ్యాయని అక్కడ ఎవరినీ అడగలేదు, పక్క ఊరి రంగు పూసేశారు. పూసిన చేయి ఎవరిదో తెలుసా? నాదే. తొమ్మిదేళ్ళ కిందట, పెన్సిలుతో, అంచులు దాటకుండా.

బల్ల ఆ కుర్రాడికే ఇచ్చారు. మంచివాడే, నా మొక్కకు నీళ్ళు పోస్తానన్నాడు. ఏప్రిల్ నుంచి నేను ఎక్కడ కూర్చుంటానో తెలియదు. యాభై ఏళ్ళకు ఇది కాస్త నవ్వొచ్చే సంగతే. నవ్వు రాగానే నీకు రాస్తాను.

మీ అత్తయ్య గారిని ఒకటి అడుగు: సుగెదాని నుంచి వచ్చినవాళ్ళు ఇంకెవరైనా బతికి ఉన్నారా?

మిసావో

*

నాగసె
ఫిబ్రవరి 10

ప్రియమైన మిసావోకు,

వాగు అంచున మంచు కరిగి నీళ్ళ చప్పుడు వినపడుతోంది.

నీ ఉత్తరం అత్తయ్యకు పైకి చదివాను, బల్ల పోయిన సంగతితో సహా. ఆవిడ వేళ్ళ మీద లెక్క పెట్టారు. సుగెదాని ఆడపిల్లలు ఇంకా నలుగురున్నారు, నాలుగు ఊళ్ళలో, నాలుగు ఇళ్ళలో. చిన్నదానికి డెబ్భై ఆరు. "నలుగురూ మోచీ తింటున్నట్టు నటిస్తూ ఉంటారు. వెళ్ళి అడగమను. ఆ ఆకు పేరు ఒకరికైనా గుర్తుండాలి" అన్నారు. తర్వాత, "బల్ల లేకపోతే మన వంటింట్లో లేదా? పైన పట్టుపురుగుల గది ఖాళీగానే ఉంది. రమ్మను. రోజూ చారు పెడతానని మాత్రం చెప్పకు" అన్నారు. గది ఊడ్చి ఉంచాను. కిటికీ తలుపు కొంచెం బిగుసుకుంది, నువ్వు వచ్చేలోగా సరిచేయిస్తాను.

బోర్డు రాలేదు. షిజుయే వదిన తనంతట తానే నిమురా గారి దగ్గరికి వెళ్ళి, కత్తి సంగతి చెప్పేసిందట. "ఇప్పుడు నన్ను వంతెనకు ఏ పక్క నిలబెడతారో చెప్పండి" అందట. ఆయన తల గోక్కున్నారు. స్తంభం మాత్రం అలాగే ఉంది, ఊళ్ళోవాళ్ళు దాని మీద ముల్లంగి ఆకులు ఆరబెడుతున్నారు.

రాయడానికి అనుమతి గురించి అత్తయ్యను అడిగాను. పేరు రాయరు, "పద్నాలుగో ఇల్లు" అని నంబరు వేస్తారు అని చెప్పాను. "అరవై ఏళ్ళు ఇల్లుగానే ఉన్నాను, చాలు" అన్నారు. ఇలా రాయమన్నారు, ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను:

"పేరు కినూ. ఊరు సుగెదాని. చారులో చామదుంప. మోచీ లేదు. ఉప్పు నాలుక చెప్పినంత. ఆకు ఒకటి ఉంది, వెతుకుతున్నారు."

నా పేరు కూడా రాసుకో. మీ అక్కకు ఒక మాట చెప్పు. వచ్చే డిసెంబరులో మిసో పోస్టాఫీసుకు వద్దు, ఇంటికే పంపమను. అరకిలో కాదు, కిలో.

తోకియే